గెట్ అంటే "పొందు" అని రాసుకుంటే సగం వాక్యాలు కుదరట్లేదు, దారేమిటి?

కొత్తబస్తీ
స్పోకెన్ ఇంగ్లీష్ పుస్తకం ఏది తీసినా గెట్ పక్కన "పొందు" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తున్నారు. దాన్ని పట్టుకుని కింది వాక్యాలు చదవబోతే ఒక్కటీ కుదరట్లేదు.
"ఇట్స్ గెటింగ్ లేట్."
"గెట్ ఆఫ్ ఎట్ ద నెక్స్ట్ స్టాప్."
"షి గాట్ హిమ్ టు సైన్."
"ఐ గాట్ మై ఫోన్ ఫిక్స్‌డ్."
"వి గాట్ టాకింగ్."
"వాట్ ఆర్ యు గెటింగ్ ఎట్?"
డిక్షనరీ తీస్తే అర్థాలు పేజీలు దాటిపోతున్నాయి. ఇవన్నీ బట్టీ పట్టాల్సిందేనా, ఏదైనా దారి ఉందా? "వాడగా వాడగా వస్తుంది" అనే సమాధానం మాత్రం వద్దు, దండం పెడతా.

పెసరట్టు_ఉప్మా
వాడగా వాడగా వస్తుంది.

వ్యాకరణం_సారు
బట్టీ అక్కర్లేదు. అర్థాలు లెక్కపెట్టడం మానేసి, గెట్ వెనకాల ఏ రకం మాట వచ్చిందో చూడండి. ఆ రకాలు ఏడెనిమిదికి మించవు. ఒక్కోదానికి తెలుగులో క్రియ సిద్ధంగానే ఉంది.

వెనకాల వస్తువు పేరు ఉంటే వచ్చింది, దొరికింది, కొన్నాను, తెచ్చాను. ఇందులో ఏదన్నది ఆ వస్తువే చెబుతుంది. "గాట్ ఎ లెటర్" అంటే ఉత్తరం వచ్చింది, "గాట్ ఎ జాబ్" అంటే ఉద్యోగం దొరికింది, "గాట్ ద టికెట్స్" అంటే టికెట్లు కొన్నాను. "గెట్ మి సమ్ వాటర్" అంటే తెచ్చిపెట్టు.

విశేషణం ఉంటే మార్పు. "గెటింగ్ లేట్" అంటే ఆలస్యమవుతోంది, "గెటింగ్ డార్క్" అంటే చీకటి పడుతోంది.

చోటు, దిక్కు చెప్పే మాట ఉంటే కదలిక. "గెట్ టు విజయవాడ" చేరడం, "గెట్ ఆఫ్" దిగడం.

మనిషి, ఆ తర్వాత "టు"తో క్రియ ఉంటే ఒప్పించి చేయించడం. మీ మూడో వాక్యానికి అర్థం, ఆవిడ అతని చేత సంతకం పెట్టించింది.

వస్తువు, ఆ తర్వాత క్రియ మూడో రూపం ఉంటే ఇంకొకరి చేత చేయించుకోవడం. ఫోను బాగు చేయించుకున్నాను.

మధ్యలో ఏమీ లేకుండా మూడో రూపమే వస్తే మనకు జరిగిన పని. "గాట్ కాట్" అంటే దొరికిపోయాడు, "గాట్ పెయిడ్" అంటే డబ్బు ముట్టింది.

ఇంగ్ రూపం వస్తే మొదలవడం. "వి గాట్ టాకింగ్" అంటే మాటల్లో పడ్డాం.

నేరుగా "టు"తో క్రియ వస్తే అవకాశం దొరకడం. "ఐ గెట్ టు ట్రావెల్ ఎ లాట్" అంటే ఈ ఉద్యోగం పుణ్యమా అని నాలుగూళ్ళు తిరగగలుగుతున్నాను.

మిగిలింది "గెటింగ్ ఎట్". ఇదొక్కటే ఈ లెక్కకి లొంగదు. ఎట్, ఓవర్, బై, త్రూ లాంటి చిన్న మాటలతో జతకట్టి కొత్త అర్థం తెచ్చుకున్నవాటిని విడిగా నేర్చుకోవాలి. "వాట్ ఆర్ యు గెటింగ్ ఎట్" అంటే డొంకతిరుగుడు లేకుండా అసలు విషయం చెప్పు అని.

ఓరుగల్లు_పోరడు
సారూ, గిది స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్న.

తర్జుమా
సారు చెప్పిన విశేషణాల లెక్కకి చిన్న చేర్పు. తెలుగులో "అవు" కన్నా "పో", "పడు" ఎక్కువ పని చేస్తాయి. గెట్ టైర్డ్ అలసిపో, గెట్ వెట్ తడిసిపో, గెట్ స్టక్ ఇరుక్కుపో, గెట్ స్కేర్డ్ భయపడు, గెట్ యూస్డ్ టు అలవాటుపడు. ఇంగ్లీషు నుంచి తెలుగులోకి వచ్చేటప్పుడు ఇది దాదాపు ఎప్పుడూ నడుస్తుంది.

తెలుగు నుంచి ఇంగ్లీషుకి వెళ్ళేటప్పుడు మాత్రం ఇదే దెబ్బ కొడుతుంది. మర్చిపోయాను కదా అని "ఐ గాట్ ఫర్‌గాటెన్" అంటే నన్ను అందరూ మర్చిపోయారని అర్థం. "ఐ ఫర్‌గాట్" చాలు. చనిపోయాడు కదా అని "హి గాట్ ఎక్స్‌పైర్డ్" అంటే అసలు వాక్యమే కాదు.

ఓరుగల్లు_పోరడు
గాట్ ఎక్స్‌పైర్డ్ తప్పెట్లయితది మేడమ్? ఆఫీసులల్ల అందరు గట్లనే రాస్తున్నరు గద.

వ్యాకరణం_సారు
అందరూ రాసేది ఒప్పు కానక్కర్లేదు బాబూ. గెట్ పక్కన మూడో రూపం రావాలంటే ఆ క్రియకి కర్మ ఉండాలి. అంటే ఎవరో ఒకరు, ఎవరినో ఒకరిని ఆ పని చెయ్యగలగాలి. అధికారి ఉద్యోగిని ట్రాన్స్‌ఫర్ చేస్తాడు, కాబట్టి "హి గాట్ ట్రాన్స్‌ఫర్డ్" సరైనదే. గాట్ సెలెక్టెడ్, గాట్ సస్పెండెడ్ కూడా అంతే. ఎక్స్‌పైర్, డై, అరైవ్ కర్మ లేని క్రియలు, వాటికి గెట్ అతకదు. మనిషి పోతే "డైడ్" లేదా "పాస్‌డ్ అవే". ఎక్స్‌పైర్ అన్నా పాతకాలపు ఇంగ్లీషుగా చెల్లుతుంది, పక్కన గాట్ మాత్రం తీసేయాలి.

ఇదే వరసలో "ఐ గాట్ ఫెయిల్డ్ ఇన్ మ్యాథ్స్". "ఐ ఫెయిల్డ్ మ్యాథ్స్" అంటే సరిపోతుంది, "ఇన్" కూడా అక్కర్లేదు.

పెసరట్టు_ఉప్మా
లెక్కల్లో తప్పాం, ఇప్పుడు ఆ సంగతి చెప్పడంలోనూ తప్పాం.

ఐఎల్ట్స్_అక్క
తెలుగువాళ్ళకి అసలు చిక్కు "నాకు వచ్చింది" దగ్గర మొదలవుతుంది. మనకి ఉత్తరం, జీతం, జ్వరం, కోపం, నిద్ర, నవ్వు, అనుమానం, తెలుగు అన్నీ వస్తాయి. అన్నిటికీ గెట్ పెట్టేస్తారు. ఎక్కడ నిలుస్తుందో, ఎక్కడ నిలవదో చూసుకోండి.

జీతం: "ఐ గెట్ ట్వంటీ థౌజండ్ ఎ మంత్". నెలనెలా వచ్చేదానికి "ఐ యామ్ గెటింగ్" వద్దు.
జ్వరం: "ఐ గాట్ ఎ ఫీవర్". ఆ "ఎ" మింగేయకండి.
కోపం: "ఐ గాట్ యాంగ్రీ". యాంగర్ కాదు, యాంగ్రీ. గెట్ పక్కన విశేషణం పెట్టాలి.
నిద్ర: "ఐ యామ్ గెటింగ్ స్లీపీ". చాలామంది "గెటింగ్ స్లీప్" అంటారు. "గెట్ సమ్ స్లీప్" అనే మాట ఉంది కానీ దాని అర్థం కాసేపు పడుకో అని.
నవ్వు, ఏడుపు: గెట్ పనికిరాదు. "ఐ ఫెల్ట్ లైక్ లాఫింగ్", "ఐ ఫెల్ట్ లైక్ క్రయింగ్".
అనుమానం: క్లాసులో చెయ్యెత్తి "ఐ గాట్ ఎ డౌట్" అంటే బయటి దేశాల్లో ఆ మాట మీద నమ్మకం లేదన్నట్టు వినిపిస్తుంది. "ఐ హావ్ ఎ క్వశ్చన్" అనండి. నిజంగా ఎవరి మీదైనా అనుమానం వస్తే "ఐ గాట్ సస్పీషస్".
తెలుగు వచ్చు: "ఐ నో తెలుగు" లేదా "ఐ స్పీక్ తెలుగు".

సీమ_మిరప
"నాట్ గెటింగ్ యు" సంగతి కూడా చెప్పక్కా. ఫోన్లో గొంతు తెగిపోతాంటే మనోళ్ళంతా అదే అంటారు.

ఐఎల్ట్స్_అక్క
మాట వినపడకపోతే "ఐ కాంట్ హియర్ యు", విన్నా అర్థం కాకపోతే "ఐ డోంట్ గెట్ ఇట్". గెట్ అంటే అర్థమవడం అనుకున్నప్పుడు "యామ్ గెటింగ్" రూపం మామూలుగా రాదు.

కండక్టర్_గారబ్బాయి
గెట్ ఆఫ్, గెట్ డౌన్ ఏది ఒప్పు? ఇక్కడ బస్సుల్లో అందరూ గెట్ డౌన్ అనే అంటారు.

బర్మింగ్‌హామ్_బావ
ఇక్కడ బస్సులో "ఐ వాంట్ టు గెట్ డౌన్" అంటే డబుల్ డెక్కర్ పై అంతస్తు నుంచి కిందికొస్తావేమో అనుకుంటారు. గెట్ డౌన్ అంటే ఎత్తు మీంచి కిందికి రావడం. గోడ, నిచ్చెన, చెట్టు, మేజా. వాహనానికి అది వాడరు.

వాహనాలకి గుర్తు సులువు. లోపల నిలబడి నాలుగడుగులు వెయ్యగలిగినవాటికి ఆన్, ఆఫ్. బస్సు, రైలు, విమానం, ఓడ. వంగి దూరి కూర్చోవాల్సినవాటికి ఇన్ టు, అవుట్ ఆఫ్. కారు, టాక్సీ, ఆటో. ఇక పైకెక్కి కాళ్ళు చెరో పక్క వేసేవాటికి మళ్ళీ ఆన్, ఆఫ్. సైకిలు, బైకు, గుర్రం.

కండక్టర్_గారబ్బాయి
మరి లిఫ్ట్?

బర్మింగ్‌హామ్_బావ
నిలబడతాం కానీ అది గది లాంటిది. గెట్ ఇన్, గెట్ అవుట్. అమెరికావాళ్ళు ఎలివేటర్‌కి గెట్ ఆన్, గెట్ ఆఫ్ కూడా అంటారు.

తర్జుమా
గెట్ డౌన్ విషయంలో బావగారంత పట్టింపు నాకు లేదు. ఇండియన్ ఇంగ్లీషులో అది స్థిరపడిపోయిన వాడుక. చెన్నైలో, హైదరాబాద్‌లో బస్సు ఆపమని గెట్ డౌన్ అంటే కొంప మునగదు. దేశం దాటేవాళ్ళు, పరీక్ష రాసేవాళ్ళు మార్చుకుంటే చాలు.

బర్మింగ్‌హామ్_బావ
సరే మేడమ్, కానీ అడిగిందే ఏది ఒప్పు అని.

పెసరట్టు_ఉప్మా
బస్సు ఈలోపు వెళ్ళిపోయింది.

కొత్తబస్తీ
చేరడం దగ్గర ఇంకో ముడి. "గాట్ టు హైదరాబాద్" అంటారు, "గాట్ హోమ్" అంటారు. "టు" ఎప్పుడు పెట్టాలి?

వ్యాకరణం_సారు
హోమ్, హియర్, దేర్, బ్యాక్, అప్‌స్టెయిర్స్ ఇవి ఒంట్లోనే దిక్కు కలుపుకున్న మాటలు. ఇంటికి, ఇక్కడికి, అక్కడికి అన్నప్పటి ఆ "కి" వాటిలో ముందే ఉంది. కాబట్టి "గాట్ టు హోమ్" తప్పు, "గాట్ టు దేర్" తప్పు. మిగతా ఊర్లకి, ఆఫీసుకి, స్టేషన్‌కి "టు" కావాలి. రీచ్ వాడితే దేనికీ "టు" రాదు, "రీచ్‌డ్ హైదరాబాద్" అంతే. మనవాళ్ళు ఇక్కడ తిరగేసి, గెట్‌కి తీసేసి రీచ్‌కి పెడతారు.

సీమ_మిరప
చేయించుకోవడం అని సారు రెండు ముక్కల్లో తేల్చేసినారు గానీ, తప్పులు ఎక్కువ పడేది ఆడనే. "ఐ కట్ మై హెయిర్" అని ఎంతమంది అంటారో లెక్కలేదు. కత్తెర మీరే పట్టుకుని కత్తిరించుకుంటేనే ఆ మాట. మంగలి షాపుకి పోయి వస్తే "ఐ గాట్ మై హెయిర్ కట్". "ఐ బిల్ట్ ఎ హౌస్" సంగతీ అదే. మేస్త్రీతో కట్టించింటే "ఐ గాట్ ఎ హౌస్ బిల్ట్" అనండి, "హ్యాడ్ ఎ హౌస్ బిల్ట్" ఇంకా బాగుంటుంది.

తెలుగులో "ఇంచు" కనపడితే దాన్ని ఈ అచ్చులో పోయొచ్చు.
రవిక కుట్టించా: "ఐ గాట్ ఎ బ్లౌజ్ స్టిచ్‌డ్".
గోధుమలు పట్టించా: "ఐ గాట్ ద వీట్ గ్రౌండ్".
ఇంటికి సున్నం వేయించా: "ఐ గాట్ ద హౌస్ వైట్‌వాష్‌డ్".
పాస్‌పోర్ట్ రెన్యూ చేయించా: "ఐ గాట్ మై పాస్‌పోర్ట్ రెన్యూడ్".

తర్జుమా
ఇంచు ఉన్నదల్లా చేయించడం కాదండీ. ప్రేమించు, గమనించు, ఊహించు, నటించు. వీటిల్లో ఎవరూ ఎవరి చేతా ఏమీ చేయించట్లేదు. మామూలు క్రియకి ఇంచు తగిలించినదైతేనే మీ సూత్రం పనిచేస్తుంది. కుట్టు, కుట్టించు. కట్టు, కట్టించు. ఇంచు తీసేస్తే క్రియ మిగలాలి.

సీమ_మిరప
ఒప్పుకుంటి మేడమ్. అది చెప్పాల్సింది, మిస్సయింది.

వ్యాకరణం_సారు
ఈ అచ్చులో మాటల వరస తప్పితే అర్థమే తిరగబడుతుంది. వస్తువు ముందు, క్రియ తర్వాత. "ఐ గాట్ మై హ్యాండ్ బ్యాండేజ్‌డ్" చేతికి కట్టు కట్టించుకున్నాను. "ఐ గాట్ కట్" అంటే నాకు తెగింది. "ఐ గాట్ డన్ ద వర్క్" అసలు లేదు, "గాట్ ద వర్క్ డన్". తెలుగులోనూ వస్తువు ముందు, క్రియ చివర కదా. పని, చేయించాను. అదే వరసని గాట్ తర్వాత దించితే సరి.

ఇంకో చిక్కు. "గాట్ ద వర్క్ డన్" అన్నప్పుడు ఇంకొకరే చెయ్యాలని లేదు. కిందామీదా పడి నేనే ముగించానన్నా అదే వాక్యం. "గాట్ మై ఫింగర్ కాట్ ఇన్ ద డోర్" అంటే తలుపు సందులో వేలు నలిగింది, అది ఎవరూ చేయించుకోరు. ముందువెనకలు చూసి పట్టుకోవాలి.

ఓరుగల్లు_పోరడు
గెట్, మేక్, హావ్ మూడిట్ల గూడ చేయించుడే గద. ఎక్కడ ఏది?

ఐఎల్ట్స్_అక్క
మేక్ అంటే బలవంతం. "దే మేడ్ హిమ్ సైన్", ఇష్టం లేకపోయినా పెట్టించారు.
హావ్ అంటే పురమాయింపు. "ఐ విల్ హావ్ మై అసిస్టెంట్ కాల్ యు", ఆ పని చెయ్యడం అతని ఉద్యోగం కాబట్టి చెబితే చేస్తాడు.
గెట్ అంటే బతిమాలో, నచ్చజెప్పో, వెంటపడో. "ఐ గాట్ హిమ్ టు సైన్".
మేక్, హావ్ తర్వాత "టు" ఉండదు, గెట్ తర్వాత తప్పకుండా ఉంటుంది. "మేడ్ హిమ్ టు సైన్", "గాట్ హిమ్ సైన్" రెండూ తప్పు, రెండూ తెగ వినిపిస్తాయి.

వ్యాకరణం_సారు
తిప్పి చెప్పేటప్పుడు "హి వాజ్ మేడ్ టు సైన్" అని మేక్‌కి కూడా "టు" వచ్చేస్తుంది. గెట్‌ని అలా తిప్పలేం. "హి వాజ్ గాట్ టు సైన్" అని ఎవరూ అనరు.

కోడ్_కోతి
బ్రౌజర్ సర్వర్‌ని పేజీ అడిగేటప్పుడు పంపేది కూడా గెట్ రిక్వెస్టే. సారు చెప్పిన "తెచ్చిపెట్టు" అర్థం. ఏమీ మార్చకుండా ఉన్నది ఉన్నట్టు తెచ్చిపెట్టాలి, అదే రూలు.

పెసరట్టు_ఉప్మా
నీకు మాత్రం ఎర్రర్ తెచ్చిపెడుతుంది.

డాలస్_దారి
అమెరికా వచ్చేవాళ్ళకి ఒక మాట. ఇక్కడ మూడో రూపం గాటెన్. పాత రూపమే, ఇంగ్లండు వదిలేసింది, ఇక్కడ మిగిలింది. అక్కడివాళ్ళకి ఫర్‌గాటెన్, ఇల్-గాటెన్ లాంటి మాటల్లోనే ఉండిపోయింది. అలాగని ఇక్కడ ప్రతిచోటా గాటెన్ పెట్టకూడదు. ఉండటం వేరు, సంపాదించడం వేరు.

"ఐ హావ్ గాట్ ఎ కార్" నాకు కారుంది.
"ఐ హావ్ గాటెన్ ఎ కార్" కారు సంపాదించాను, కొత్తగా చేతికొచ్చింది.
"ఐ హావ్ గాట్ టు సీ హర్" ఆవిణ్ణి చూసి తీరాలి.
"ఐ హావ్ గాటెన్ టు సీ హర్" ఆవిణ్ణి చూసే అవకాశం దొరికింది.
ఒక్క అక్షరం తేడాలో అర్థం ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డుకి వెళ్తుంది.

బర్మింగ్‌హామ్_బావ
ఇక్కడ గాటెన్ అంటే "అమెరికా సీరియళ్ళు ఎక్కువ చూస్తున్నావా" అని అడుగుతారు. పిల్లలు మాత్రం వాడేస్తున్నారు.
"హావ్ యు గాట్ ఎ పెన్?" ఇక్కడ రోజూ వినే మాట. అది పెన్ను ఉందా అనే ప్రశ్న. దాన్ని "డు యు హావ్"తో కలిపేసి "డు యు హావ్ గాట్" అనకూడదు. ఇంకా, ఈ "ఉంది" అర్థం వర్తమానంలోనే. నిన్నటి సంగతైతే "ఐ హ్యాడ్ ఎ పెన్" అంటే చాలు, మధ్యలో గాట్ వద్దు.

ఇంటర్వ్యూ అయి ఇంటికి రాగానే "హౌ డిడ్ యు గెట్ ఆన్?" అంటారు. ఎలా ఎక్కావని కాదు, ఎలా జరిగిందని. ఇద్దరికీ పొసగడం కూడా ఇక్కడ గెట్ ఆన్. అమెరికాలో ఎక్కువగా గెట్ అలాంగ్ అంటారు.

తర్జుమా
చిన్న మాటల దగ్గరికి వచ్చాం కాబట్టి ఒక హెచ్చరిక. ఆఫీసు మెయిల్ చివర "ఐ విల్ గెట్ బ్యాక్ టు యు" అని రాయాలి, కనుక్కుని చెబుతాను అని. ఆ "టు" బదులు "ఎట్" పడిందంటే "నీ పని చెబుతా, పగ తీర్చుకుంటా" అని పంపినట్టు.

పెసరట్టు_ఉప్మా
కొందరు మేనేజర్లకి "ఎట్" కావాలనే పెట్టొచ్చు.

కొత్తబస్తీ
చిన్న మాటలతో వచ్చేవి ఎన్నుంటాయి? ముందు ఏవి నేర్చుకోవాలి?

తర్జుమా
లెక్క వద్దు. రోజువారీ మాటల్లో పదే పదే వచ్చేవి ఇవి. తెలుగు జాతీయం పక్కన పెట్టుకుంటే మనసులో నిలుస్తాయి.

గెట్ బై: నెట్టుకురావడం. "వి గెట్ బై ఆన్ వన్ శాలరీ", ఒక్క జీతంతో నెట్టుకొస్తున్నాం.
గెట్ ఓవర్: జబ్బు నుంచో దిగులు నుంచో తేరుకోవడం.
గెట్ అవే విత్: చేసిందంతా చేసి తప్పించుకు తిరగడం.
గెట్ రౌండ్ టు: ఎట్టకేలకు తీరిక చేసుకోవడం. అమెరికాలో గెట్ అరౌండ్ టు.
గెట్ అక్రాస్: చెప్పదలచుకున్నది ఎదుటివాళ్ళకి ఎక్కేలా చెప్పడం.
గెట్ రిడ్ ఆఫ్: వదిలించుకోవడం.
గెట్ డౌన్ టు: పనికి కూర్చోవడం.
గెట్ ద హ్యాంగ్ ఆఫ్: కిటుకు పట్టుబడటం.

ఇట్ ఎక్కడ పెట్టాలో కూడా చూసుకోవాలి. "గెట్ ఓవర్ ఇట్" అంటే తేరుకో. "గెట్ ఇట్ ఓవర్ విత్" అంటే ఆ గోలేదో త్వరగా కానిచ్చెయ్. డబ్బు తిరిగి రావడం "గెట్ ఇట్ బ్యాక్", ఇక్కడ ఇట్ మధ్యలోనే ఉండాలి, "గెట్ బ్యాక్ ఇట్" తప్పు.

గెట్ యూస్డ్ టు తర్వాత ఇంగ్ రూపం రావాలి. "గెట్ యూస్డ్ టు వేకింగ్ అప్ ఎర్లీ". "టు" కనపడగానే "వేక్" అని రాసేస్తారు.

ఓరుగల్లు_పోరడు
గెట్ టు నో గూడ చెప్పుండ్రి. "ఐ గాట్ టు నో దట్ హి రిజైన్డ్" అనొచ్చా?

తర్జుమా
మన దగ్గర అంటారు, బయట అనరు. సంగతి తెలిసిందంటే "ఐ హర్డ్" లేదా "ఐ ఫౌండ్ అవుట్". మనిషితో మెల్లగా పరిచయం పెరిగితే "గాట్ టు నో హర్". అది ఒక్క రోజులో అయ్యేది కాదు, వార్త ఒక్క క్షణంలో తెలుస్తుంది. అందుకే అతకదు.

సీమ_మిరప
ఇంగ్లీషోళ్ళని అనుకుంటున్నాం గానీ మన "కొట్టు" సంగతేంది? ఈత కొట్టు, హారన్ కొట్టు, కొబ్బరికాయ కొట్టు, వాసన కొట్టు, బోరు కొట్టు, పెట్రోలు కొట్టించు, పర్సు కొట్టెయ్. తెలుగు నేర్చుకునేటోడు మన మీద కేసు కొట్టాల.

కోడ్_కోతి
కేసు పెడతారు అన్నా, కొట్టరు.

సీమ_మిరప
చూసినావా, "పెట్టు" ఇంకోటి మొదలాయె.

డాలస్_దారి
ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు 1989 నాటి రెండో కూర్పులో అన్నిటికన్నా పొడుగు పద్దు సెట్ అనే మాటది, గెట్‌ది కాదు. కాబట్టి కొత్తబస్తీ గారు ఇంకా అదృష్టవంతులే.

కొత్తబస్తీ
దాని గురించి ఇంకో దారం తెరుస్తా, ఇప్పుడొద్దు. బికమ్, గెట్, గో ఈ మూడిటి తేడా ఎవరైనా చెప్పండి. "ద మిల్క్ గాట్ బ్యాడ్" అంటే ఎర్ర గీత పడింది.

వ్యాకరణం_సారు
గెట్ పక్కన వట్టి నామవాచకం పెట్టి "అయ్యాడు" అనే అర్థం రాబట్టలేం. "హి గాట్ ఎ డాక్టర్" అంటే డాక్టర్ని పిలుచుకొచ్చాడు. డాక్టరయ్యాడు అనాలంటే "బికేమ్ ఎ డాక్టర్".

పాడవడం, చెడిపోవడం గో వంతు. పాలు విరిగితే "వెంట్ బ్యాడ్". మనిషి గుడ్డివాడైతే గో బ్లైండ్, చెవుడొస్తే గో డెఫ్, బట్టతల వస్తే గో బాల్డ్, పిచ్చెక్కితే గో మ్యాడ్. మరి జబ్బు పడటం, ముసలితనం గెట్ దగ్గరే ఉన్నాయి, గెట్ సిక్, గెట్ ఓల్డ్. ఇక్కడ సూత్రం వెతక్కండి, జంటలుగా నేర్చుకోండి.

స్థితికీ మార్పుకీ తేడా కూడా చూసుకోవాలి. "షి గాట్ మ్యారీడ్ ఇన్ 2015" పెళ్ళి ఆ ఏడు జరిగింది. "షి హాజ్ బీన్ మ్యారీడ్ సిన్స్ 2015" అప్పట్నుంచీ కాపురంలో ఉంది. "షి గాట్ మ్యారీడ్ సిన్స్ 2015" ఎటూ కాదు. పెళ్ళి ఎవరితో అయిందో చెప్పడానికి "టు" రావాలి. "తో" ఉంది కదా అని "విత్" పెట్టొద్దు.

ఐఎల్ట్స్_అక్క
బయటి దేశాలకి వెళ్ళడానికి ఐఎల్ట్స్ అనే ఇంగ్లీషు పరీక్ష రాసేవాళ్ళకి. రైటింగ్‌లో మొదటి భాగానికి కనీసం 150 మాటలు, రెండో భాగానికి 250. పైచదువుల కోసం రాసే అకడమిక్‌వాళ్ళు ఈ రెండు చోట్లా గెట్ తగ్గించాలి. ధర పెరిగితే "గాట్ హయ్యర్" కాదు "రోజ్", డిగ్రీ వస్తే "అబ్‌టెయిన్డ్", సమాచారం అందితే "రిసీవ్డ్", కష్టమైతే "బికేమ్ డిఫికల్ట్". ఉద్యోగం, వలస కోసం రాసే జనరల్ ట్రైనింగ్‌లో స్నేహితుడికి ఉత్తరం రాయమంటే మాత్రం గెట్ ధారాళంగా వాడండి, అక్కడ "అబ్‌టెయిన్" రాస్తే కోర్టు నోటీసులా ఉంటుంది. స్పీకింగ్‌లోనూ అంతే. "ఐ అబ్‌టెయిన్డ్ ఎ కాఫీ" అని మాట్లాడేవాళ్ళున్నారు, వినలేం.

డాలస్_దారి
వినడం కూడా నేర్చుకోవాలి. ఇక్కడ రెండు అచ్చుల మధ్య "ట" మెత్తబడి "డ"కీ "ర"కీ మధ్య పలుకుతుంది. గెట్ అప్ గెడప్, గెట్ ఇట్ గెడిట్, గాట్ టు గాడ, గాట్ యు గాచ్చ. విడివిడిగా "గెట్ ఇట్" అని వినాలని కూర్చుంటే ఎప్పటికీ వినపడదు.

పెసరట్టు_ఉప్మా
గెటప్ అంటే సినిమాలో వేషం కాదా?

తర్జుమా
నవ్వులాటకి అడిగినా నిజమే. కలిపి నామవాచకంగా వాడితే ఇంగ్లీషులోనూ గెటప్ అంటే వేషధారణే, అందులోనూ కాస్త వింతగా ఉన్నది. క్రియగా విడదీస్తే నిద్ర లేవడం.

కొత్తబస్తీ
అన్నీ చదివి ఐదు రాశా. తప్పులు చెప్పండి.
1. "ఐ గాట్ మై బైక్ సర్వీస్‌డ్."
2. "షి గాట్ అస్ టు వెయిట్."
3. "వి గాట్ హోమ్ ఎట్ 9."
4. "హి ఈజ్ గెటింగ్ 30,000 శాలరీ."
5. "ఐ కుడంట్ గెట్ త్రూ టు హిమ్", నేను అతన్ని దాటి వెళ్ళలేకపోయాను.

వ్యాకరణం_సారు
మొదటి మూడూ బాగున్నాయి. నాలుగు "హి గెట్స్ 30,000 ఎ మంత్", శాలరీ అనే మాట కూడా అక్కర్లేదు. ఐదో వాక్యం సరే, అర్థం తప్పు.

తర్జుమా
ఐదోదానికి రెండు అర్థాలున్నాయి. ముందు వాక్యంలో ఫోను ఉంటే అతనికి లైన్ కలవలేదు. వాదన ఉంటే ఎంత చెప్పినా అతని తలకెక్కలేదు. "టు" తీసేసి పరీక్ష పెడితే, "షి గాట్ త్రూ ద ఎగ్జామ్", గట్టెక్కింది. బ్రిటన్‌లో తిండి సరుకు పక్కన వస్తే, "వి గెట్ త్రూ టూ లీటర్స్ ఆఫ్ మిల్క్ ఎ డే", రోజుకి రెండు లీటర్ల పాలు అయిపోతాయి.